పీర్ల చావిడికి సిమెంటు పూత

ఈ ప్రయాణం గురించి ఇంతకు ముందే రాయాల్సింది. రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై ఆరో ఏట.

అంతకు ముందు ముప్పై ఏళ్లకు పైగా మేస్త్రీల కింద తట్ట మోశాను. సిమెంటు నీళ్లలో నానీ నానీ నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద బొటనవేలు పెడితే అది నన్ను గుర్తుపట్టదు. వేలిముద్ర వేసేవాళ్లను లోకం చిన్నచూపు చూస్తుంది. నాకు ఆ పాటి ముద్ర కూడా మిగల్లేదు. బ్యాంకులో కూర్చున్న పిల్లవాడు "సంతకమన్నా చెయ్యి, లేకుంటే పక్కకు జరుగు" అన్నాడు. పక్కకు జరిగాను. జరిగి, మా ఊరి మహిళా సంఘం గదిలో టీచరమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను, ఉత్తరం రాస్తాను. ఒత్తులు ఇప్పటికీ టీచరమ్మే దిద్దుతుంది. ఈ రాతలోనూ దిద్దింది. నా అభిప్రాయాలను మాత్రం దిద్దనివ్వలేదు.

మాది సిద్దిపేట దిక్కు ఒక పల్లె. పోయిన ఎండాకాలం చివర్లో ఖాసింబీ ఫోన్ చేసింది. ఆమెది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. పట్నంలో మేమిద్దరం ఒకే మేస్త్రీ కింద పదకొండేళ్లు పనిచేశాం, ఒకే గిన్నెలో తిన్నాం.

"ఎల్లవ్వా, మా పీర్ల చావిడి కూలగొడుతరట" అంది. "గోడకు పొట్ట వచ్చింది. వానలు పడితే కూలుతదని అంటున్నరు. ఎల్లుండి మాపటికి ఊరంత కూసుంటరు. నువ్వొచ్చి ఒక్కసారి గోడ చూడరాదు?"

పీర్ల పండుగ తెలియని తెలుగువాళ్లు తక్కువే. అయినా చెబుతాను. ఖాసింబీ ఊళ్లో చావిడి అంటే ఒక్క అర్ర, ముందు చిన్న వాకిలి, వాకిట్లో నిప్పులు కాల్చే గుంత. పీర్లంటే మొహర్రంలో బట్టలు చుట్టి ఎత్తే లోహపు పంజాలు. ఏడాదంతా అవి ఖాసింబీ ఇంట్లో పెట్టెలో ఉంటాయి. ఆమె మామ, ఆ తర్వాత భర్త పీర్లను చూసుకునే ముజావర్లుగా ఉన్నారు. భర్త పోయాక కొడుకు జానీ ఆ పని చూస్తున్నాడు. పండుగ పది రోజులూ పీర్లు చావిడిలో నిలబడతాయి. ముస్లింల ఇళ్లు ఆ ఊళ్లో నాలుగే. పీర్లు ఎత్తుకునేదీ, మొక్కేదీ, గుంత చుట్టూ ఆడేదీ ఊరంతా.

నేను సంచి సర్దుకున్నాను. సంచిలో రెండు చీరలు, ఒక ఉలి, ఒక సుత్తె.

హయత్‌నగర్

దారిలో హయత్‌నగర్‌లో ఆగాను. అక్కడ ఒక కాలనీలో నేను మోసిన ఇటుకలతో లేచిన ఇల్లు ఉంది. ఎలా ఉందో చూడాలనిపించింది.

అప్పట్లో అది రెండంతస్తులు. ఇప్పుడు నాలుగు. ముందు భాగమంతా నల్ల అద్దం. ఎండాకాలంలో అద్దం బిగించి లోపల ఏసీ పెట్టుకునే తెలివి మనవాళ్లకు ఎవరు నేర్పారో గాని, వాడు కరెంటు అమ్ముకునేవాడై ఉండాలి. పిట్టగోడ మీద రెండు సింహాలు. ఒకదానికి మూతి ఊడింది. గేటు పక్కన నల్లరాతి మీద బంగారు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. ఆ ఇంటాయన పేరు, ఆయన తండ్రి పేరు, గృహప్రవేశం చేసిన స్వామివారి పేరు. గోడ లేపిన మేస్త్రీ పేరు వెతికాను. చదువు వచ్చాక కలిగే బాధల్లో ఇదొకటి. ఎక్కడ ఎవరి పేరు లేదో కూడా తెలుస్తుంది.

గేటు లోపలి నుంచి ఒకామె వచ్చింది. "పనిమనిషి ఉంది మాకు" అంది.

"పనికి రాలేదమ్మా. ఈ ఇల్లు కట్టినప్పుడు నేనున్న. సూద్దామని వచ్చిన."

"కట్టింది మా మామగారు" అందామె.

ఆ మామగారు రోజూ పొద్దున ఒకసారి కుర్చీ వేయించుకుని కూర్చుని, పదింటికి వెళ్లిపోయేవాడు. ఆ మాట అనలేదు. ఇల్లు బాగుందన్నాను. బాగాలేదు.

కోహెడ మీదుగా, పొరపాటున

ఇబ్రహీంపట్నం పోవాలంటే సాగర్ రోడ్డు ఎక్కాలి. నేను మాత్రం చదువు వచ్చిన గర్వంతో ఎవరినీ అడగకుండా, బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో ఇబ్రహీంపట్నం అని చూసి బస్సెక్కాను. టికెట్ అడిగితే కండక్టర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"గది విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, అవ్వా. కృష్ణ ఒడ్డుకు పోతవా?"

బస్సులో సగం మంది నవ్వారు. చదువు రానప్పుడు పదిమందిని అడిగి సరిగ్గా చేరేదాన్ని. అబ్దుల్లాపూర్‌మెట్‌లో దించాడు. అక్కడి నుంచి కోహెడకు ఆటో.

దారి పొడుగునా కంచెలు, హద్దురాళ్లు, ప్లాట్లకు స్వాగతం చెప్పే కమాన్లు. వెనక ఇల్లు లేదు, మనిషి లేడు, కనీసం మేకపిల్ల లేదు. కమాన్ మాత్రం ఉంది. దాని మీద ఏనుగులు, కింద సెక్యూరిటీ గుడిసె. మా వైపు ఊరికి కమాన్ కట్టాలంటే ముందు ఊరుండాలి. ఇక్కడ ముందు కమాన్ పుడుతుంది. ఊరు ఎప్పుడైనా పుడుతుందేమోనని అది ఎండలో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది.

"పండ్ల మార్కెట్ వస్తదిక్కడికి" అన్నాడు ఆటో అబ్బాయి. "గజం రేటు చూడు ఇగ."

"పండ్లు వచ్చినయా?"

"పండ్లు రాలే. రేటు వచ్చింది."

ఆ రోజు విన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఇబ్రహీంపట్నం

కోహెడలో ఇంకో బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో దిగేసరికి నడిమధ్యాహ్నం. డిపో ఎదుట హోటల్లో చాయ్ పదిహేను రూపాయలు. మా దగ్గర పదికి ఇంతకంటే పెద్ద గ్లాసు ఇస్తారు. మిరపకాయ బజ్జీ మాత్రం బాగుంది. లోపల వాము, చింతపండు కూరారు. మేము ఉట్టి మిరపకాయనే పిండిలో ముంచి కాలుస్తాం. ఒకటి తిని ఇంకొకటి అడిగాను.

పక్క బల్ల మీద పిల్లలు కాలేజీ మాటలు మాట్లాడుకుంటున్నారు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయట. ఒకదాన్ని బస్సులోంచి చూశాను. ముందు పక్క రోమ్ నగరం లాంటి స్తంభాలు, పక్క నుంచి చూస్తే రేకుల షెడ్డు. ఇల్లు కట్టడం నేర్పే చోటే ఇల్లు ముఖానికి మాత్రమే కడితే, ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారో వేరే చెప్పాలా?

ఫంక్షన్ హాళ్ల గురించి రాయకపోతే ఆ రోడ్డుకు అన్యాయం చేసినట్లవుతుంది. రాజుల కోటలు, అద్దాల మేడలు, ఒకటైతే ఓడ ఆకారం. పెద్ద చెరువున్న ఊరు కదా, ఓడ ఎందుకు కట్టారంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఓడ రోడ్డు పక్కన ఉంది, చెరువు దానికి అటువైపు ఎక్కడో ఉంది. చెరువు కట్ట మీద కాసేపు నిలబడ్డాను. కట్టకు రాతికట్టుడు. ఎవరు కట్టారో ఎక్కడా పేరు లేదు. ఇన్నేళ్లు నీళ్లను ఆపి నిలబడింది. ఇది మాత్రం నేను వెక్కిరించలేను. రాయి మీద రాయి కూర్చున్న తీరు చూస్తే, పెట్టినవాడు తన పని తాను ఎరిగినవాడని తెలుస్తుంది.

కట్ట కింద చేపలు అమ్మే ఆమె దగ్గర కిలో బొచ్చె తీసుకున్నాను. ఖాసింబీ ఇంటికి ఉత్త చేతులతో పోలేను. "నూట ఎనభై" అంది. "నూట అరవై" అన్నాను. "నూట అరవై చేపకు, ఇరవై నీ నోటికి" అని నూట ఎనభైకే ఇచ్చింది. ఏ ఊరికి పోతున్నావని అడిగితే చెప్పాను. "గది మా ఊరే" అంది. ఆమె పేరు అంజమ్మ. ముదిరాజ్‌ల ఇల్లు. ఊరి బస్సు వచ్చేదాకా ఇద్దరం ఒకే చెట్టు నీడన నిలబడ్డాం. చావిడి కూలగొడతారట కదా అన్నాను.

"కూలగొడితే కూలగొట్టనీ" అంది అంజమ్మ, గంప సర్దుకుంటూ. "మాకేం పని దాంతోటి."

అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు.

చావిడి

ఊరి పేరు రాయను. రాస్తే ప్లాట్లు అమ్మేవాళ్లకు ఉచితంగా ప్రచారం చేసినట్లవుతుంది. ఊరికి మూడు వైపులా వెంచర్లే. నాలుగో వైపు చెరువు కాలువ ఉంది కాబట్టి బతికిపోయింది.

ఖాసింబీ నన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు. "నీ కాళ్లేంది గట్ల వాచినయ్" అంది. చేపలు తీసుకుని, పులుసు పెట్టి, జొన్నరొట్టె చేసింది. వాళ్ల పులుసులో కొబ్బరి, గసాలు నూరి వేస్తారు. మేము వేయం. చిక్కగా, కొంచెం తియ్యగా ఉంది. కొడుకు జానీ ఆటో నడుపుతాడు. తింటూనే నాకు విషయం చెప్పాడు.

"వెంచర్ సారు కొత్త చావిడి కట్టిస్తడట పెద్దమ్మా. స్లాబు, టైల్సు, స్టీలు రెయిలింగు. వాళ్ల గేటు పక్కన. పాత జాగ వాళ్లకు రోడ్డుకిస్తే చాలు."

"పీర్లు గేటు కాడ వాచ్‌మెన్ లెక్క నిలబడాల్నా?"

"గట్ల మాట్లాడుతవేంది? పాతది ఎట్లైనా కూలుతది. కూలినంక ఎవడు కట్టిస్తడు? రేపు మాపటికి మేం ఊఁ అంటే అయిపాయె."

అదీ విషయం. ఊళ్లో అందరూ సరేనన్నారు. పీర్లు ఖాసింబీ ఇంటి పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఆమె మాట కావాలి. రేపు సాయంత్రం ఆమె ఊఁ అంటే చావిడి లేదు.

మర్నాడు పొద్దున ఖాసింబీతో కలిసి గోడ చూడటానికి పోయాను. నాలుగు వీధులు కలిసే చోట ఉంది. గూనపెంకుల కప్పు, రెండు మూరల మందం మట్టిగోడలు, చెక్క దర్వాజ. దర్వాజ మీద చెక్కిన తామరపూలు, వాటి మధ్య నెలవంక. ఏ వడ్రంగి చెక్కాడో, వాడికి రెండింట్లో ఏదీ పరాయిదని అనిపించలేదు. ఇంత ఒద్దికగా ఉన్న ఇల్లు ఈ ప్రయాణంలో చూడలేదు. ఎత్తు లేదు, ఎలివేషన్ లేదు. లోపలికి పోవాలంటే తల వంచాలి, సర్పంచ్ అయినా సరే.

కానీ గోడలు బూడిదరంగులో ఉన్నాయి. మట్టిగోడకు చుట్టూతా సిమెంటు పూత.

చూడగానే నా ఒళ్లు మండింది. మట్టిగోడ చెమట పట్టే మనిషి లాంటిది. కింది నుంచి తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దానికి సిమెంటు కప్పితే తడి బయటికి పోయే దారి ఉండదు. లోపలే ఉండి ఉండి మట్టి అంబలవుతుంది. అప్పుడు గోడకు పొట్ట వస్తుంది. అంత తెలియకుండా పూసినవాడెవడు? సుత్తెతో అక్కడక్కడా కొట్టి చూశాను. పైన గట్టి చప్పుడు. కింద మోకాలెత్తు దాకా బొక్కబొక్కమని. తూర్పు గోడకు మధ్యలో పొట్ట.

"ఎవడు పూసిండు గిది?" అన్నాను. "వెంచర్ వాడా? వానికి మట్టిగోడకు, ఇటుక గోడకు తేడా తెల్వదు. లేకుంటే పంచాయతీ కంట్రాక్టరా? గాడిద కొడుకు, వాని చేతికి తాపీ ఎవడిచ్చిండు? పూత సూడు, పెళ్లినాడు ముసలిదానికి పౌడరు రుద్దినట్లుంది. నేనైతే వాన్ని..."

ఖాసింబీ కొంగుతో దర్వాజ మీద దుమ్ము తుడుస్తోంది.

నేను ఆగలేదు. చావిడి చుట్టూ తిరుగుతూ, ఆ పూసినవాడి వంశం మొత్తాన్ని తిట్టాను. నాకు అదొక సుఖం. ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం

తిరిగి ఇంటికి వచ్చి, రొట్టె ముందు కూర్చున్నాక ఖాసింబీ నోరు విప్పింది.

"నేనే పూసిన" అంది.



"ఆరేండ్లయితది. ఆయన పోయిన యాడాది. ముప్పై ఏండ్లు ఊరోళ్ల ఇండ్లకు సిమెంటు మోసిన ఎల్లవ్వా. కుక్కలకు గూడ సిమెంటు అర్ర కట్టిన ఇంటికి మోసిన, నీకు యాదికుంది, ఎల్బీనగర్ల. మా పీర్లేమో మట్టి ఇంట్ల. గది నాకు నామోషి అనిపించింది. నా కూలి పైసలతోని బస్తాలు తెచ్చిన. ఎవ్వరిని పిలువలే. నేనే కలుపుకున్న, నేనే పూసిన. పదిహేను దినాలు. పూసినంక మంచిగ గొట్టింది కండ్లకు. తెల్లారి లేచి పోయి సూసుకునేదాన్ని."

నేను రొట్టె నమలడం ఆపేశాను.

"నువ్వు తిట్టినవ్ గద, వాని చేతికి తాపీ ఎవడిచ్చిండని. మనిద్దరికీ మేస్త్రీ తాపీ ఎన్నడిచ్చిండు? తట్టనే ఇచ్చిండు. సిమెంటు మాలు మోసుడు తెలుసు, యాడ పూయాల్నో ఎవ్వడు చెప్పిండు?"

నిజమే. నాకు మట్టిగోడ సంగతి మేస్త్రీ నేర్పలేదు. మా అమ్మ ఇల్లు పూసేటప్పుడు పక్కన ఉన్నాను కాబట్టి తెలిసింది. ఖాసింబీ పన్నెండో ఏటనే పనికి పోయింది. నా తెలివి నేను సంపాదించినది కాదు, అయినా ఊరి మధ్య నిలబడి దాంతో మనిషిని కొట్టాను. ఇలాంటి చోట క్షమాపణ అడగడం మా ఇద్దరికీ రాదు. ఆమె పళ్లెంలో ఇంకో రొట్టె వేశాను. ఆమె ఇల్లు, ఆమె రొట్టె.

కాసేపటికి అడిగాను. "అంతకు ముందు మట్టి పూత ఎవరు పూసేటోళ్లు?"

"అందరూ" అంది. "పండుగకు ముందు నెల. ఇంటికింత గోడ. దర్వాజ కాడ గొల్లోళ్లది, తూర్పు గోడ ముదిరాజులది, వెనక గోడ సగం మాదిగోళ్లది, సగం కాపుల ఇండ్లది. మూల మాది. ఎవరి గోడకు వాళ్లే మట్టి తెచ్చుకోవాలె, వాళ్లే పూయాలె. ఒకరి గోడ ఇంకొకరు ముట్టద్దు. ముట్టితే కొట్లాటనే. ఆడోళ్లు మట్టి తొక్కుకుంట పాటలు, తిట్లు. మస్తుండేది."

"నువ్వు సిమెంటు పూసినంక?"

ఆమె నా వైపు చూసింది. ఆ ప్రశ్న తనను తాను ఎప్పుడూ అడగనట్లుంది.

"ఏముంది పూయనీకి? ఎవ్వరు రాలే."

చేపలమ్మే అంజమ్మ మాట అప్పుడు నాకు తగిలింది. ఊళ్లోవాళ్లు చావిడిని ఎందుకంత తేలిగ్గా వదిలేస్తున్నారో తెలిసింది. వాళ్లకు అక్కడ గోడ లేకుండా పోయింది. తన గోడ లేనివాడు ఇల్లు కూలుతుంటే అడ్డం ఎందుకు పడతాడు? వెంచర్ వాడి పనిని ఆరేళ్ల ముందే ఖాసింబీ చేసి పెట్టింది, ఎంతో ప్రేమతో.

ఈ మాట ఆమెతో అన్నాను. మెత్తగా అనలేదు, నాకు మెత్తగా రాదు. "సిమెంటు తీసేస్తే గోడ బతుకుతదా?" అని అడిగింది. కింది తడి మట్టి తవ్వి, రాయి పేర్చి, ఎండకు వదిలితే బతుకుతుందన్నాను. వానలకు ఇంకా మూడు వారాలు ఉంది.

"గట్లయితే మాపటికి ఊరు ముందట చెప్పాలె గద, నేనే పాడు చేసిన అని."

"అవ్."

"జానీ ముందట."

"అవ్."

ఖాసింబీ లేచి పీర్ల పెట్టె మీద దుమ్ము లేకపోయినా తుడిచింది.

సాయంత్రం

ఎండ తగ్గాక చావిడి వాకిట్లో కూర్చున్నారు. ఒక ముప్పై మంది. వెంచర్ తరఫున తెల్ల చొక్కా అబ్బాయి ఒకడు వచ్చాడు. కొత్త చావిడి బొమ్మ రంగుల కాగితం మీద తెచ్చాడు. స్తంభాలు, గుమ్మటం, ముందు నీళ్లు చిమ్మే ఫౌంటెన్. పక్కన ఒక తెల్లమ్మాయి కుక్కను పట్టుకుని నడుస్తోంది. ఆ ఊళ్లో పీర్లకు మొక్కడానికి ఆమె ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగలేదు. కాగితం చేతులు మారింది. అందరూ తలలూపారు.

ఊరి పెద్ద సత్తయ్య, గొల్లల ఇంటాయన, ఖాసింబీని అడిగాడు. "ఏమంటవ్ ఖాసింబీ? పెట్టె నీ ఇంట్ల ఉన్నది."

ఖాసింబీ నిలబడింది. పని చోట మేస్త్రీతో ఎన్నడూ కూలి ఎక్కువ అడగని మనిషి.

"గోడ మట్టిదై కూలుతలేదు. నేను సిమెంటు పూసి కరాబ్ చేసిన. నాకు తెల్వక చేసిన. తీసేస్తే నిలబడుతదట. గిది నా తప్పు."

జానీ తల దించుకున్నాడు. ఎవరో మగవాడు నవ్వాడు. "ఆరేండ్లకు యాదికొచ్చిందా?"

తెల్ల చొక్కా అబ్బాయి అన్నాడు, "ఇదంతా ఎందుకమ్మా, కొత్తదే కట్టిస్తున్నం గద ఫ్రీగ."

అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి అంజమ్మ లేచింది.

"నాకు గది కాదు కావాల్సింది. మా అత్త బతికున్నన్ని దినాలు పూసింది తూర్పు గోడ. ఆమె పోయినంక నేను పూసిన. ఒక్క దినం వచ్చి సూస్తే సిమెంటు. ఒక్క మాట చెప్పినవా నాకు? మా చేతుల పూత నీకు పనికిరాలే. పట్నం పూత తెచ్చుకున్నవ్. నేను మొకం ఎట్ల పెట్టుకొని రావాలె ఇక్కడికి?"

"గందుకే తప్పు అంటున్న" అంది ఖాసింబీ.

"అంటే సరిపోతదా?"

"సరిపోదు."

ఆ తర్వాత కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరి గోడ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న దాని మీద రెండు ఇళ్లవాళ్లు కొట్లాటకు దిగారు. అరగంట క్రితం ఆ గోడ ఎవరికీ అక్కరలేదు. తెల్ల చొక్కా అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివరకు సత్తయ్య తేల్చాడు. "రేపు పొద్దుగాల తూర్పు దిక్కు ఒక మూర జాగల సిమెంటు తీసి సూద్దాం. లోపల మట్టి సచ్చిపోయి ఉంటే జేసీబీ పిలుద్దం. బతికుంటే పండుగ దాకా ఆగుదం. ఏమంటరు?"

ఎవరూ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆ ఊళ్లో దాన్ని ఒప్పుకోవడం అంటారట.

తెల్లారి

మర్నాడు పొద్దున చాయ్ కూడా తాగకుండా ఉలి, సుత్తె తీసుకుని చావిడి దగ్గరికి పోయాను. నేను పట్టిన ఉలి తప్పదన్న గర్వం ఉంది నాకు. సత్తయ్య, జానీ, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఖాసింబీ మూల దగ్గర, తన గోడకు ఆనుకుని కూర్చుంది.

తూర్పు గోడ మీద నడుమెత్తు దగ్గర ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాను. సిమెంటు పగిలింది. ఇంకో దెబ్బకు రొట్టెంత పెచ్చు ఊడి పడింది. కింద ఎర్రమట్టి. వేలు పెట్టి చూశాను. పొడిగా, గట్టిగా ఉంది. వేలు ఇంకా కిందికి పోనిచ్చాను. అక్కడ చల్లగా, మెత్తగా తగిలింది. సగం బతికి ఉంది, సగం లేదు. సత్తయ్యకు ఏం చెప్పాలా అని చూస్తున్నాను.

వెనక నుంచి ఎవరో నా మోచేయి పట్టి లాగారు.

అంజమ్మ. చేపల గంప ఇంకా నెత్తి మీదే ఉంది. ఆ రోజు ఇబ్రహీంపట్నం పోలేదన్నమాట.

"ఏ ఊరు నీది?" అంది.

"సిద్దిపేట దిక్కు. మొన్న నీ దగ్గర చేపలు కొన్న గద."

"కొన్నవ్ సరే. గిది మా గోడ. ముట్టకు."

నేను సత్తయ్య వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. గోడ సంగతి, తడి సంగతి, పై నుంచి కిందికి ఎలా తీయాలో, ముప్పై ఏళ్ల నా పని సంగతి, అన్నీ నోటిదాకా వచ్చాయి. అంజమ్మ గంప దించి, చీర కుచ్చిళ్లు దోపుకుని చేయి చాచింది. ఉలి, సుత్తె ఆ చేతిలో పెట్టాను.

ఆమె ఉలిని నిట్టనిలువుగా పట్టుకుని కొట్టింది. లోపలి మట్టి కూడా రాలింది.

"వాలుగ పట్టు" అన్నాను.

"నీ ఊర్ల చెప్పుకో పో" అంది, వెనక్కి చూడకుండా.

రెండో దెబ్బ వాలుగానే వేసింది. నేను ఖాసింబీ ఇంటికి పోయి, బిందె తీసుకుని, కొత్త పూతకు మట్టి తడపడానికి నీళ్లు మోయడం మొదలుపెట్టాను.